ఊలు టోపీని తిరగేసి చూడండి



జ్వరాల గురించి, రక్తహీనత గురించి ఈ పేజీలో చాలాసార్లు రాశాను. ఈసారి మీ చేతి సంచి గురించి రాయండి మేడమ్ అని ప్రసూతి వార్డు సిస్టర్లు పట్టుబట్టారు. డ్యూటీ దిగాక ఆ సంచిలోంచి రెండు సూదులు, ఒక ఊలు ఉండ తీసి కూర్చుంటానని మీలో చాలామందికి తెలుసు. "ఈ అశ్వారావుపేట ఎండల్లో ఊలు టోపీలు ఎవరికమ్మా?" అని నవ్వేవారూ ఉన్నారు. మే నెలలో అడిగితే నేనూ నవ్వుతాను. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో అడవి అంచు గూడేల్లో తెల్లవారుజాము ఎలా ఉంటుందో అక్కడ పడుకున్నవారికి తెలుసు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే వానాకాలపు రాత్రి కూడా చలిరాత్రే.

ఊలు అల్లడం మన ప్రాంతపు ఇంటి విద్య కాదు. నాకు నర్సింగ్ శిక్షణ రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ సిస్టర్ గారు నేర్పారు. మనకు దగ్గరలో పేరున్న చేతి అల్లకం నరసాపురం లేసు. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు అక్కడి స్త్రీలకు ఆ పని నేర్పారని చెబుతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది క్రోషియా పని. కొక్కెం ఉన్న ఒకే సూదితో, నూలు దారంతో చేస్తారు. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా లేసు అల్లి అతి తక్కువ కూలి తీసుకునేవారిని, ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకునే పనిగా లెక్కకట్టి ఎలా చిన్నచూపు చూశారో అందులో ఉంది. నాది నిజంగా ఖాళీ సమయపు పని. నెల జీతం వచ్చే మనిషిని కాబట్టి ఒక టోపీ చెడితే విప్పి మళ్లీ అల్లుకుంటాను. వాళ్లకు ఆ వీలు లేదు. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టి "ఆడవాళ్ల కాలక్షేపం" అంటే నాకు నచ్చదు.

క్రోషియాలో ఎప్పుడూ ఒక్క ఉచ్చు మాత్రమే తెరిచి ఉంటుంది. రెండు సూదుల అల్లకంలో వరుసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. ఒకటి జారితే కిందివరకూ విడిపోతుంది. కష్టం అదే, లాభం కూడా అక్కడే ఉంది. ఆ ఉచ్చుల వల్లే గుడ్డ సాగుతుంది, వదిలితే మళ్లీ దగ్గరకు వస్తుంది. రోజురోజుకూ పెరిగే పసితలకు అలాంటి గుడ్డే కావాలి.

ఇక నా రేకు డబ్బా సంగతి. బిస్కెట్ల డబ్బా అది, మూత కొంచెం వంగిపోయింది. అందులో పోనీ కంపెనీ సూదుల జతలు మూడున్నాయి. 8వ నంబరు అంటే 4 మి.మీ., 10వ నంబరు అంటే 3.25 మి.మీ., 12వ నంబరు అంటే 2.75 మి.మీ. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మన ఇంజెక్షన్ సూదుల గేజి లాగే. కొత్త నర్సులకు ఈ పోలిక చెబితే ఇక మరచిపోరు. నేను ఎక్కువగా వాడేది 10వ నంబరు. జారిన ఉచ్చును పైకి లాగడానికి ఒక క్రోషియా సూది, కుట్లు ఆపి ఉంచడానికి నాలుగు పిన్నీసులు, కొసలు కుట్టడానికి మొన మొద్దుగా ఉన్న లావు సూది, టేపు, చిన్న కత్తెర. ఆ కత్తెర బజారులో కొన్నది. ఆసుపత్రి సామాను ఒక్కటి కూడా ఈ డబ్బాలో ఉండదు, ఆ నియమం పెట్టినదాన్ని నేనే. ఊలు ఉండ దొర్లిపోకుండా ఒక లోతైన స్టీలు గిన్నెలో పెట్టుకుంటాను. ఇంతకంటే మంచి పనిముట్టు నేను కొనలేదు. పోతే, నా కళ్లజోడు. నలభై దాటాక దగ్గర చూపు తగ్గడం మామూలే. కళ్లు చికిలించి అల్లేవారు ముందు కళ్లు చూపించుకోండి. తలనొప్పి అల్లకం వల్ల కాదు, లేని కళ్లజోడు వల్ల.

అన్నిటికన్నా ముఖ్యమైన సాధనం భూతద్దం. అది డబ్బాలోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

చాలా ఏళ్ల క్రితం, నేను వేరే చోట పనిచేస్తున్న రోజుల్లో, ఒక బాబుకు రెండు రంగుల చేతి తొడుగులు అల్లి ఇచ్చాను. తెలుపు మీద ఎరుపు గళ్లు. అందరూ మెచ్చుకున్నారు. రెండు రంగులు అల్లేటప్పుడు వాడని రంగు పోగు లోపలివైపు వదులుగా సాగి ఉంటుంది. పైకి కనబడదు. సుమారు రెండు వారాల తర్వాత ఆ తల్లి బిడ్డను ఎత్తుకొని వచ్చింది.

"సిస్టరమ్మా, రాత్రంతా ఒకటే ఏడుపు. రొమ్ము పట్టడం లేదు. కడుపునొప్పేమోనని మా అత్త వాము నీళ్లు పట్టింది."

"జ్వరం ఏమైనా ఉందామ్మా?"

"ఒళ్లు చల్లగానే ఉందమ్మా. ఆ చేతిని మాత్రం ముట్టనివ్వడం లేదు."

తొడుగు తీశాను. మధ్యవేలు నల్లద్రాక్ష రంగులో ఉబ్బి ఉంది. మొదట్లో ఎర్ర పోగు చుట్టుకొని చర్మంలోకి దిగిపోయింది. వాపు వల్ల అది కంటికి కూడా సరిగా కనబడలేదు. డాక్టరు గారు భూతద్దం పెట్టి దాన్ని కత్తిరించి తీశారు. కొద్దిసేపటికి వేలు ఎర్రబడింది. వేలు దక్కింది. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ తల్లికి చెప్పలేదు. ఆ తొడుగు ఎవరు అల్లారో మాత్రం చెప్పాను.

అప్పటి నుంచి చేతి తొడుగులు అల్లడం మానేశాను. పసిబిడ్డకు వాటి అవసరం తక్కువే. గోళ్లు కత్తిరిస్తే గీరుకోడు, చేతులు నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తు కూడా. బిడ్డ ఎందుకేడుస్తున్నాడో తెలియనప్పుడు బట్టలన్నీ విప్పి చేతివేళ్లు, కాలివేళ్లు ఒక్కొక్కటే చూడండి. మగబిడ్డకైతే మర్మాంగాన్నీ చూడండి. దారమే కాదు, తల్లి తలవెంట్రుక కూడా ఇలాగే చుట్టుకుంటుంది, కాన్పు తర్వాత జుట్టు ఎక్కువ రాలుతుంది కదా. చుట్టుకున్నదాన్ని లాగకండి, బిగుస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వాము నీళ్ల గురించి కూడా ఒక మాట: ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. అది అత్తగారికి మర్యాదగా చెప్పండి, కానీ చెప్పండి.

ఇప్పుడు నేను అల్లేది టోపీలే. పసిబిడ్డ ఒంటి చర్మంలో తల వంతు సుమారు ఐదో వంతు. పెద్దవాళ్లలో అందులో సగం ఉండదు. అందుకే తడి తల ఆరకుండా ఉంటే బిడ్డ చాలా త్వరగా చల్లబడతాడు. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెం.మీ. ఉంటుంది. నాలుగు పోగుల ఊలుతో, 10వ నంబరు సూదులతో నాకు 10 సెం.మీ.కి 28 కుట్లు వస్తాయి. 88 కుట్లు వేస్తే టోపీ 31 సెం.మీ. పైచిలుకు వస్తుంది, సాగి సరిపోతుంది. చిన్న బిడ్డలకు 76 కుట్లు. రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 12 సెం.మీ. పొడవు అల్లి, ఆ తర్వాత రెండేసి కుట్లు కలుపుతూ ఒక వరుస, మామూలుగా ఒక వరుస, మళ్లీ కలుపుతూ ఒక వరుస అల్లాలి. మిగిలిన కుట్లలోంచి దారం దూర్చి లాగి ముడివేసి, పక్క కుట్టు వేస్తే అయిపోయింది. ఒకే రంగు. బొంతాలు, పూసలు, గుండీలు, గడ్డం కింద కట్టే తాళ్లు ఏవీ వద్దు. తాడు మెడకు చుట్టుకుంటుంది, పూస నోట్లోకి పోతుంది. చివరగా టోపీని తిరగేసి భూతద్దంతో చూస్తాను. వేలు దూరేంత ఉచ్చు ఒక్కటి కనబడినా విప్పేస్తాను.

ఊలు ఎంపికలో ఒక ప్రమాదం ఉంది. బజారులో ఊలు అని అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్. తేలిగ్గా ఉతకవచ్చు, మృదువుగా ఉంటుంది, ధర తక్కువ. కానీ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మన దగ్గర బాలింత మంచం దగ్గర కుంపటి పెట్టే అలవాటుంది, సాంబ్రాణి పొగ వేసే అలవాటుంది, చలికాలంలో నెగడు చుట్టూ బిడ్డనెత్తుకొని కూర్చునే అలవాటూ ఉంది. ఒక చిన్న పోగు తుంచి పళ్లెంలో కాల్చి చూడండి. గొర్రె బొచ్చు అయితే కాలిన వెంట్రుక వాసన వచ్చి పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఏ టోపీ పెట్టినా కుంపటి దగ్గరకు బిడ్డను తీసుకుపోవద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

టోపీ చేసే మేలు కొంతవరకే. అసలు వెచ్చదనం తల్లి రొమ్ము మీద ఉంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా గారు ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లుల ఎదకు ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. దాన్నే కంగారూ తల్లి సంరక్షణ అంటున్నాం. అలాంటి బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల్లికి వీలుకాకపోతే తండ్రి గానీ అమ్మమ్మ గానీ ఎదకు హత్తుకోవచ్చు. బిడ్డను మొదటి 24 గంటలు స్నానం చేయించకండి. పొట్టను, పాదాలను చేత్తో ముట్టి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పుడుతోంది. రెండూ చల్లగా ఉంటే ఎదకు హత్తుకొని వెంటనే ఆసుపత్రికి రండి. ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అలాగని ఎండాకాలంలో, నెలలు నిండి బలంగా ఉన్న బిడ్డకు ఇంట్లో టోపీ పెట్టి పడుకోబెట్టకండి. ఒళ్లు మితిమీరి వేడెక్కుతుంది, టోపీ ముక్కు మీదికి జారుతుంది.

అల్లకం మనసుకు మంచిదేనా అని అడుగుతుంటారు. 2013లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ సర్వేలో 3,545 మంది జవాబిచ్చారు. తరచుగా అల్లేవారు మనసు నెమ్మదిస్తుందని ఎక్కువగా చెప్పారు. అడిగింది అల్లేవాళ్లనే, మరి వాళ్లు బాగాలేదంటారా! నా మట్టుకు నాకు కష్టమైన డ్యూటీ తర్వాత పది వరుసలు అల్లితే నిద్ర పడుతుంది. చేతులకు మాత్రం విశ్రాంతి కావాలి. అరగంటకోసారి ఆపి వేళ్లు చాచండి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో చూపించుకోండి. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి ఇది ఎక్కువ.

టోపీలు అల్లి ఇస్తామన్న అక్కచెల్లెళ్లు ప్రసూతి వార్డులో ఇవ్వవచ్చు. మా దగ్గర పెద్ద సైజువి చాలా ఉన్నాయి, 76 కుట్లవే తక్కువ. రంగు ఏదైనా పరవాలేదు. ఉతికి, ఎండలో ఆరేసి, లోపలివైపు పైకి తిప్పి తీసుకురండి.