రోడ్డే కరెంటిస్తే బండి నడుస్తుందా?

మే నెల మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా రెండడుగులు వేస్తే చాలు, ఎవరికైనా ఈ ఆలోచన వస్తుంది. ఇంత ఎండ ఊరికే పోతోంది కదా, దీన్ని పట్టి కరెంటుగా మార్చి అదే రోడ్డు మీద పోయే ఎలక్ట్రిక్ బళ్లకు ఎక్కిస్తే ఎంత బాగుంటుంది! పెట్రోలు బంకూ వద్దు, బొగ్గూ వద్దు. ఆలోచనతో ఆగకుండా కోట్లు పోసి రోడ్లే వేసి చూసినవాళ్లున్నారు. ఆ ముచ్చట్లు కొన్ని.

◆ ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతంలో తురూవ్ర్ అనే చిన్న ఊరుంది. 2016 డిసెంబర్ 22న అప్పటి పర్యావరణ మంత్రి సెగొలెన్ రొయాల్ అక్కడ ఒక కిలోమీటరు సోలార్ రోడ్డును ప్రారంభించారు. కొలాస్ అనే రోడ్ల కంపెనీ కేవలం 7 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్యానెళ్లను తారు మీద అతికించింది. మొత్తం 2,800 చదరపు మీటర్లు, ఖర్చు 50 లక్షల యూరోలు. ఐదు వేల జనాభా ఉన్న ఊరి వీధి దీపాలకు ఆ కరెంటు సరిపోతుందని లెక్క కట్టారు. ఇలాంటివి వెయ్యి కిలోమీటర్లు వేస్తామని కూడా ప్రభుత్వం చెప్పింది.

తర్వాత కథ మారింది. చక్రాలు దొర్లుతుంటే చప్పుడు భరించలేక వేగ పరిమితిని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించాల్సి వచ్చింది. శరదృతువులో రాలిన ఆకులు ప్యానెళ్లను కప్పేశాయి. పొలాలకు వెళ్లే ట్రాక్టర్లు పైపొరను నలగ్గొట్టాయి. రెండేళ్లు తిరక్కుండానే, బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైన ఓ వంద మీటర్ల ముక్కను పీకేశారు. రోజుకు సగటున 767 యూనిట్లు వస్తాయన్నారు. 2018లో ఏడాది మొత్తానికి వచ్చినవి సుమారు 78 వేల యూనిట్లు, అంటే రోజుకు 215. వాగ్దానంలో మూడో వంతు కూడా లేదు. పెద్ద రోడ్లకు ఈ పద్ధతి ఇంకా పనికిరాదని చివరికి కంపెనీయే ఒప్పుకుని, సైకిళ్ల చార్జింగు, దీపాలు, కెమెరాల వంటి చిన్న పనులకు మళ్లింది.

◆ ఇప్పుడు మన అసలు ప్రశ్న. ఆ రోడ్డు మీద రోజుకు దాదాపు 2,000 బళ్లు తిరిగేవి. అవన్నీ ఎలక్ట్రిక్ కార్లే అనుకుందాం. ఒక మామూలు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడుస్తుంది. రెండు వేల కార్లు ఆ ఒక్క కిలోమీటరు దాటాలంటే 333 యూనిట్లు కావాలి. రోడ్డు ఇచ్చింది 215. ఊరు చేరడం మాట అటుంచి, తన మీద ఉన్నంతసేపు కూడా ఆ కార్లను అది నడపలేదు. ఒక వరుసకే కదా ప్యానెళ్లు వేశారు, రెండో వరుసకూ వేస్తే సరిపోయేదేమో అని కొందరు వాదించవచ్చు. అవును, పల్లెటూరి రోడ్డుకైతే బొటాబొటిగా సరిపోతుంది. హైవే మీద లోడుతో పోయే ఎలక్ట్రిక్ లారీ ఒక్కటే కిలోమీటరుకు యూనిట్‌కు పైగా తాగుతుంది. పైగా ఇందులో ఒక విడ్డూరం దాగి ఉంది. బళ్లు ఎంత పెరిగితే అంత కరెంటు కావాలి, బళ్లు ఎంత పెరిగితే అంత నీడా పడుతుంది!

◆ ఈ రంగంలో కాస్త మెరుగైన మార్కులు నెదర్లాండ్స్‌కు ఇవ్వాలి. క్రొమ్మెనీ అనే ఊళ్లో 2014 నవంబర్‌లో 70 మీటర్ల సోలార్ సైకిల్ దారి తెరిచారు. మొదటి ఆరు నెలల్లో 3,000 యూనిట్లకు పైగా వచ్చాయి. ఆ లెక్కన చదరపు మీటరుకు ఏడాదికి 70 యూనిట్లు, అంటే ఫ్రెంచి రోడ్డు 2018లో ఇచ్చినదానికి రెండింతలకు పైనే. సైకిల్‌కు బరువు లేదు, నీడా తక్కువ. అయినా మొదటి చలికాలంలోనే పైపూత కొంత మేర ఊడొచ్చింది.

◆ చైనాలోని జినాన్ నగరంలో 2017 డిసెంబర్ 28న మరో కిలోమీటరు రోడ్డు తెరిచారు. పైన పారదర్శకమైన కాంక్రీటు, నడుమ ప్యానెళ్లు, కింద తేమ తగలని పొర. ముందు ముందు దీని మీద వెళ్తూనే కార్లు చార్జింగ్ చేసుకుంటాయని ఆశ. వారం తిరక్కుండానే ఒక చోట రోడ్డు ముక్క మాయమైంది! దొంగలెత్తుకెళ్లారని ప్రపంచమంతా వార్తలు రాశారు. రోడ్డుకు కూడా కాపలా పెట్టాల్సి వస్తుందని ఇంజనీర్లు ముందుగా ఊహించి ఉండరు.

◆ అమెరికాలో ఐడహో రాష్ట్రానికి చెందిన స్కాట్, జూలీ బ్రూసా దంపతులు ఆరు పలకల గాజు ప్యానెళ్లతో రోడ్లు వేద్దామన్నారు. 2014లో ఇంటర్నెట్‌లో చందాలు అడిగితే 22 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. గీతలు దీపాలతో వెలుగుతాయి, చలికాలంలో రోడ్డే మంచును కరిగించుకుంటుంది అన్నారు. వినడానికి బాగుంది. చదరపు మీటరు మీద పడిన పది కిలోల మంచు కరగాలంటే దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. క్రొమ్మెనీ దారిలో ఒక చదరపు మీటరు సగటున అంత కరెంటు ఇవ్వడానికి ఐదు రోజులు పట్టేది.

◆ ఇంతకీ ప్యానెల్‌కు రోడ్డు ఎందుకు పడదు? హైదరాబాద్‌లో ప్యానెల్ పెట్టేవాళ్లు దాన్ని దక్షిణం వైపు వాల్చి పెడతారు. రోడ్డు మీద చదునుగా పడుకోబెట్టక తప్పదు. కింద గాలి ఆడదు కాబట్టి ఒళ్లు వేడెక్కుతుంది, ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ రాబడి 0.4 శాతం వరకూ పడిపోతుంది. లారీ బరువు మోయడానికి గట్టి పైపొర, టైరు జారకుండా దానికి గరుకుదనం. ఆ రెండూ వెలుతురును తింటాయి. దుమ్ము, బురద, నూనె మరకలు సరేసరి. ప్యానెల్‌లోని ఘటాలు వరసగా కలిపి ఉంటాయి కనుక, ఇరుకు సందులో ఒక ఎడ్లబండి ఆగితే వెనకవన్నీ ఆగినట్టు, ఒక ఘటం మీద నీడ పడితే ఆ వరసంతా నీరసిస్తుంది.

◆ నడుస్తూనే చార్జింగ్ అయ్యే రోడ్లు మాత్రం నిజంగానే ఉన్నాయి. దక్షిణ కొరియాలోని గూమిలో 2013 నుంచి బస్సులతో చేసి చూశారు. స్వీడన్‌లోని గోట్లండ్‌లోనూ, అమెరికాలో డెట్రాయిట్‌లోని 14వ వీధిలోనూ రోడ్డు కింద రాగి తీగచుట్టలు పాతారు. వాటికి కరెంటు మామూలు లైన్ల నుంచే వస్తుంది. సోలార్ రోడ్డునూ వీటినీ కలిపి ఒకటే అనుకునేవాళ్లు చాలామంది.

◆ రోడ్డు జాగా వాడుకోవాలంటే కింద కాకుండా పైన వాడుకోవడమే దారి. కొరియాలో డేజాన్, సేజోంగ్ నగరాల మధ్య హైవే నడుమ సాగే సైకిల్ దారికి సోలార్ కప్పు వేశారు. అదే బాటలో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. కప్పు మీది ప్యానెళ్ల సామర్థ్యం 16 మెగావాట్లు. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకున్నా 64 వేల యూనిట్లు, అంటే ఎలక్ట్రిక్ కార్లకు దాదాపు 3 లక్షల 80 వేల కిలోమీటర్లు. సైకిల్ తొక్కేవాళ్లకు నీడ అదనం. అటు ఫ్రాన్స్ కూడా దారి మార్చింది. 1,500 చదరపు మీటర్లు దాటిన పార్కింగ్ స్థలాల్లో సగం మేర సోలార్ కప్పు వేయాలని 2023లో చట్టమే చేసింది.

◆ ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటూ సోలార్ రోడ్లు వచ్చేదాకా ఆగుదామనుకునేవాళ్లకు ఒక మాట. సొంత డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే అదే లెక్కన రోజుకు 12 యూనిట్లు, అంటే 70 కిలోమీటర్ల ప్రయాణం. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద వీటికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది.