అరికాలి ఆకారంలో ఒక చెప్పు

తడి ఇసుకలో నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే అరికాలి అసలు రూపం తెలుస్తుంది. మడమ దగ్గర గుంట, నడిమి వంపు దగ్గర మెట్ట, వేళ్ళ కింద చిన్న చిన్న పల్లాలు. జర్మనీలో చెప్పులు కుట్టే వంశంలో పుట్టిన కొన్రాడ్ బిర్కెన్‌స్టాక్ ఈ ఎగుడుదిగుళ్ళనే పట్టుకున్నాడు. బూటులో పెట్టుకునే, ఒంపు తిరిగిన అట్టలను 1902లో తయారుచేశాడు. పాదానికి పరుపు అనే అర్థంలో 'ఫుస్‌బెట్' అన్న మాట వాటికి స్థిరపడింది. 1963లో అదే కుటుంబపు కార్ల్ ఆ పరుపుకే ఒక పట్టీ తగిలించి చెప్పు చేశాడు. రెండు పట్టీల 'అరిజోనా' 1973లో వచ్చింది.

ఆ పరుపు తయారీ చూడముచ్చటైనది. కార్కు చెట్టు బెరడు పలుకుల్లో రబ్బరు పాలు కలిపి, జనపనార పొరలతో చేర్చి అచ్చులో నొక్కుతారు. పైన మెత్తని తోలు అంటిస్తారు. బెరడు కోసం చెట్టును కొట్టరు, ఒలిచి మళ్ళీ పెరిగేదాకా తొమ్మిదేళ్ళు ఆగుతారు. కొత్తలో ఈ చెప్పులు గట్టిగానే ఉంటాయి. ఒంటి వేడికీ బరువుకీ కార్కు మెల్లగా లొంగి, కొన్నాళ్ళకు తొడుక్కున్నవాళ్ళ అరికాలి గుర్తు అందులో పడుతుంది. ఆపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ తొడిగి వదిలేసిన పాత జత 2022 వేలంలో రెండు లక్షల డాలర్లు దాటింది. ఆయన పాదాల ముద్ర అందులో అలాగే ఉంది.

అమెరికాకు ఈ చెప్పుల్ని తీసుకెళ్ళింది మార్గో ఫ్రేజర్, బట్టలు కుట్టే మనిషి. తాను పుట్టిన దేశం జర్మనీని 1966లో చూడబోయి, కాళ్ళ నొప్పులకు వీటిని తొడిగింది. నొప్పి తగ్గింది. కాలిఫోర్నియా చెప్పుల దుకాణాలవాళ్ళు మాత్రం ఇంత వికారమైనవి ఆడవాళ్ళు ఎవరు కొంటారని తిప్పి పంపారు. కొన్నది ఆరోగ్యాహారం అమ్మే కొట్లవాళ్ళు. నిలబడి పనిచేసే వాళ్ళ కాళ్ళకు ఆ విలువ ముందుగా తెలియడం నాకెంతో సబబనిపిస్తుంది. అలా అది హిప్పీల చెప్పు అయింది. ఆ ముద్ర చాలాకాలం వదల్లేదు.

1990లో 'ద ఫేస్' పత్రిక ఫొటోల్లో ఈ చెప్పు మోడల్ కేట్ మాస్ కాళ్ళకు కనిపించింది. 2023లో 'బార్బీ' సినిమా చివర గులాబీ రంగు జత మెరిసింది. ఆ అక్టోబరులోనే బిర్కెన్‌స్టాక్ కంపెనీ న్యూయార్క్ షేర్ మార్కెట్‌కెక్కింది.

ఇక, తమ నమూనాలు కళాఖండాలనీ, పోటీదారులు వాటిని అనుకరించకూడదనీ కంపెనీ దావా వేసింది. జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం 2025 ఫిబ్రవరిలో ఒప్పుకోలేదు. అవి కళాఖండాలు కావు, కాపీరైటు వర్తించదు అంది. ఆ తీర్పులో చిన్నతనమేమీ లేదనుకుంటాను. కార్ల్ ఆ పట్టీ తగిలించింది కాలి కోసమే.