మంట తగ్గింది, నడుం నొప్పి మిగిలింది

పల్నాడులో మిరప కోతలు ముమ్మరమయ్యేసరికి ఆర్.ఎం.పి. వైద్యుల వద్ద మూత్రంలో మంట, చలిజ్వరమని చెప్పే ఆడకూలీలు కనిపిస్తారు. చేలో చాటు దొరకక మూత్రం బిగబట్టుకోవడం, ఆ బాధకు జడిసి నీళ్ళే మానుకోవడం ఈ జబ్బుకు తోడవుతున్నాయి. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగి, తగ్గకుంటే నాలుగు మాత్రలు మింగి, కూలి పోతుందని మర్నాడే పనిలోకి దిగుతారు. మంట తగ్గుతుంది. నడుం, కాళ్ళు మాత్రం వారాల తరబడి పీకుతూనే ఉంటాయి.

వంగి కోసిన నొప్పేనని సరిపెట్టుకోవడం పరిపాటి. చాలామంది విషయంలో అది నిజం కూడా. కాని అందరికీ కాదు.

క్రిములు మూత్రపిండాలకు పాకితే వీపున పక్కటెముకల కింద నొప్పి, వణుకుతో జ్వరం, వాంతులు వస్తాయి. మాత్రలు మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. రాయి ఉంటే నొప్పి డొక్కలో పుట్టి గజ్జల్లోకి దిగుతుంది. పిరుదు నుంచి పాదం దాకా లాగే నొప్పి సాధారణంగా వెన్నులో నరం నొక్కుకోవడం వల్ల వచ్చేదే. దానికి మూత్రం మందులు ఎన్ని మింగినా గుణం ఉండదు.

అరుదుగా క్రిములు రక్తంలో కలిసి వెన్నుపూసకు పడతాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి, ముసలివారికి ఈ ముప్పు ఎక్కువ. పడుకున్నా తగ్గని, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పిని అనుమానించాలి. జ్వరం ఉండి తీరాలని లేదు.

ఇంకొక సంగతి చెప్పేవారు తక్కువ. మూత్రం మంటకు ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ మాత్రల వల్ల కొందరికి పిక్కను మడమకు కట్టి ఉంచే పట్టీ వాచి నొప్పి పుడుతుంది. మందు ఆపిన కొన్ని నెలలకు కూడా ఇది రావచ్చు. 60 ఏళ్ళు దాటినవారు, స్టెరాయిడ్లు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వీటిపై గట్టి హెచ్చరిక పెట్టించింది. వేరే మందు ఉండగా మామూలు మూత్రం మంటకు వీటిని వాడవద్దని 2016లో చెప్పింది. అందుకే మాత్రల అట్ట పారేయక డాక్టరుకు చూపాలి.

మంట తగ్గినా నొప్పి వదలకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మూత్రం, చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. మంట తిరగబెడితే కొత్త మాత్ర వేసుకోకముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. రోజూ నొప్పి సూదులు వేయించుకోవడం దెబ్బతిన్న మూత్రపిండాలకు మరీ చేటు.

కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకుపోయినా తెల్లవారేదాకా ఆగక 108 పిలిచి పెద్దాసుపత్రికి చేర్చాలి.