మంటిలోని లోహములు – వాని పరీక్ష

మనము దినదినమును భుజించు నన్నము నీరు, గాలి, యెండ యను వానివలన మాత్రమే యేర్పడునది కాదు. వరివేళ్లు మంటినుండి పెక్కు పదార్థములను గ్రహించును. వానిలో గొన్ని లోహములు. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు అనునవి స్వల్పముగనే యైనను పైరునకు గావలసినవి. కాడ్మియము, సీసము మొదలగునవి యక్కఱలేనివి. అంతియ కాదు, హానికరములు. కంటికి గానరాని యీ లోహములను గనిపెట్టు విధమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును దెలుప దలచితిమి.

ముందుగా లోపమువలని కీడును జూతము. 1966వ సంవత్సరమున పంతనగరమునందు వై. ఎల్. నేనె గారు వరికి వచ్చు "ఖైరా" తెగులునకు జింకు కొఱతయే కారణమని కనుగొనిరి. ఆకులపై తుప్పువన్నె మచ్చలు పడి పైరు గిడసబాఱుటను జూచి, జనులు దానిని అంటుతెగులనుకొనవచ్చును. నిజమునకది మంటియాకలి.

ఇక అధికమగుటవలని కీడు. జపాను దేశమున తొయామా మండలములో జింజూ అను నది కలదు. దాని యెగువ భాగమున కమియోకా గనిలో జింకు, సీసపు ఖనిజములను ద్రవ్వుచుండిరి. జింకు ఖనిజములో కాడ్మియము తోబుట్టువువలె గలసియుండును. అది నదిలో బడి, కాలువలవెంట వరిపొలములకు జేరెను. ఆ బియ్యమును పలువత్సరములు తిన్నవారికి, విశేషముగా నడివయస్సు దాటిన స్త్రీలకు, మూత్రపిండములు చెడి, యెముకలు మెత్తబడి విఱుగసాగెను. "ఇతాయి, ఇతాయి" యని వారు మూల్గుచుండిరి. "నొప్పి, నొప్పి" యని దాని యర్థము. ఆ రోగమునకు నదియే పేరయ్యెను. స్థానిక వైద్యులగు హగినో నొబొరు గారు దీని కారణమును వెదకుటకు మిక్కిలి శ్రమించిరి. 1968లో ప్రభుత్వము కాడ్మియమే మూలమని యొప్పుకొనెను. పిమ్మట ఆ పొలములను మంచిమంటితో గప్పి బాగుచేయు పని 2012 వఱకు, ముప్పది యేండ్లకు బైగా సాగెను. చెడుట సులభము, బాగుపడుట కష్టము.

కావున పరీక్ష యావశ్యకము. పొలమున వంకరటింకరగా నడచుచు ఎనిమిది, పది చోట్ల జానెడు లోతునకు కొంచెము తక్కువగా గుంటలు తీసి, అంచునుండి మన్ను చెక్కవలెను. గట్లు, చెట్లనీడ, ఎరువుకుప్పలున్న చోట్లు విడువవలెను. అంతయు గలిపి, గుండ్రముగా బఱచి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను రెంటిని దీసివేయవలెను. అరకిలో మిగులువఱకు నిట్లే చేసి, నీడను ఆఱబెట్టవలెను.

ఇచట మా పొరపాటొకటి చెప్పుదుము. ఒకప్పుడు మేము తోటమంటిని జింకుపూత గల బకెట్టులో గలిపి పంపితిమి. జింకు మెండుగా నున్నదని ఫలితము వచ్చెను. ఆ జింకు మంటిదో, బకెట్టుదో చెప్పజాలకపోతిమి! కావున కఱ్ఱపనిముట్టును, ప్లాస్టికు పాత్రయు వాడవలెను.

పరీక్షాలయమున మంటినుండి వేళ్లకందగల లోహమును డి.టి.పి.ఎ. యను ద్రావకముతో గరగించి, ఆ ద్రవమును మంటలోనికి జిమ్ముదురు. ఒక్కొక లోహపు పరమాణువులు తమకు దగిన వెలుగును మాత్రమే పీల్చుకొనును. పీల్చిన వెలుగునుబట్టి లోహపు మొత్తమును లెక్కింతురు. ఈ పద్ధతిని 1955లో ఆస్ట్రేలియావాడగు అలన్ వాల్ష్ వెల్లడించెను.

మంటిలోని లోహమంతయు పైరునకు జేరదు. మన్ను పులుపెక్కిన కొలది కాడ్మియము కరగును. సున్నము వేసిన తగ్గును. వరి యీనుదినములలో పొలమున నీరు నిలిపినను అది కరగక మంటిలో బంధింపబడును. కాని నీరు నిలిచిన మంటిలో పాషాణము హెచ్చుగా కరగును. కావున రెంటిని బరీక్షించియే యుపాయము నెన్నుకొనవలెను.

మన దేశమున 2015లో నారంభమైన భూసార పరీక్షాపత్రమునందు పండ్రెండు గుణములు కలవు. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు అందు జేరినవి; కాడ్మియము, సీసము లేవు. కర్మాగారపు మురుగునీరు పాఱు పొలములవారు వీనిని ప్రత్యేకముగా నడిగి పరీక్ష చేయించుకొనవలెను.

బాలురారా, బాలికలారా! మీ తండ్రులు విత్తనమును జూచి కొందురు. మంటిని గూడ జూచి విత్తుడని మీరు వారితో జెప్పుడు.