నమ్మితే చాలా? మంచి పనులు అక్కర్లేదా?

మా తెలుగు సంఘంలో హిందూ కుటుంబాలూ ఉన్నాయి, క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. మొన్నటి క్రిస్మస్ కలయికలో ఒక అబ్బాయి నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, మా నానమ్మ మంచం మీద ఉంది. నేనేం మంచి పనులు చేశానని దేవుడు నన్ను చేర్చుకుంటాడు అని ఏడుస్తోంది. చర్చిలో విశ్వాసం చాలు అంటారు కదా, మరి ఈ భయం ఎందుకు?" అని అడిగాడు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఈ బోధకు మూలం పౌలు రోమీయులకు, గలతీయులకు రాసిన పత్రికలు. పని చేసినవాడికి ఇచ్చే జీతం దయ కాదు, బాకీ. దేవుని దగ్గర లెక్క అలా ఉండదంటాడు పౌలు. అబ్రాహాము నమ్మాడు, ఆ నమ్మకాన్నే దేవుడు నీతిగా ఎంచాడు. 'ఎంచు' అన్నచోట గ్రీకులో ఉన్నది పద్దుల లెక్కల్లోనూ వాడే మాట. ఉద్యోగమంతా ఖాతా పుస్తకాలతో గడిపిన నాకు ఇది సులభంగా అర్థమైంది: మనం సంపాదించనిది మన పేరున జమ కావడం.

జర్మనీలో సన్యాసిగా ఉన్న మార్టిన్ లూథర్‌కు ఎన్ని ఉపవాసాలు చేసినా మనశ్శాంతి దొరకలేదు. రోమా పత్రిక చదువుతూ, దేవుని నీతి అంటే శిక్షించే నీతి కాదు, విశ్వసించినవారికి ఉచితంగా ఇచ్చే నీతి అని గ్రహించాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో నాలుగో అంశం ఇదే. 1547లో ట్రెంట్ మహాసభ దీనికి జవాబిచ్చింది. మొదలు దేవుని కృపేనని ఒప్పుకుంటూనే, విశ్వాసం ఒక్కటే చాలదని, కృప మనిషిని లోపలి నుంచి మారుస్తుందని కాథలిక్కులు అన్నారు.

తెలుగు బైబిలులో దీనికి వాడిన మాట 'నీతిమంతులుగా తీర్చబడుట'. తీర్చడంలో న్యాయాధిపతి తీర్పూ వినిపిస్తుంది, తీర్చిదిద్దడమూ వినిపిస్తుంది. లూథర్ పక్షం మొదటి అర్థాన్ని గట్టిగా పట్టుకుంది, ట్రెంట్ రెండోదాన్ని వదలలేదు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లోనే లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హతను బట్టి కాదు, కృపవల్లనే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. కొన్ని తేడాలు మిగిలే ఉన్నాయి.

మనకూ దీనితో పాత సంబంధం ఉంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1746లో జర్మనీలోని హాలెలో అచ్చయింది. తెలుగులో తొలినాటి అచ్చు పుస్తకాల్లో అదొకటి.

మరి మంచి పనులు? పండ్లు కాయడం వల్ల చెట్టు మంచిది కాదు, మంచి చెట్టు గనుక మంచి పండ్లు కాస్తుంది అని లూథర్ చెప్పేవాడు. క్రియలు కనబడని విశ్వాసానికి ప్రాణం లేదని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. అంటే ఇది బద్ధకానికి సాకు కాదు.

ఆ అబ్బాయికి ఇప్పుడు చెప్పగలను: బాబూ, మీ నానమ్మ నమ్మిన బోధ ప్రకారం ఆవిడ లెక్క చూపనక్కర్లేదు. పక్కన కూర్చుని చేయి పట్టుకుని ఆ మాట ఆమెకు చెప్పు. ఆమెకు సేవ చేయడం నీ వంతు.