ఉద్యోగం మానేస్తేనే బిడ్డకు మేలా?

బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ అనో ఆటిజం అనో తేలగానే చుట్టాలు తల్లికిచ్చే మొదటి సలహా, ‘ఇంక ఉద్యోగం మానెయ్యమ్మా’ అని. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఉద్యోగం పోతే ఇంకేం పోతుందో లెక్క చూడరు.

అపోహ: తల్లి ఇంటిపట్టున ఉంటేనే బిడ్డ బాగుపడుతుంది.

వాస్తవం: చాలా ఇళ్లలో వైద్యం నడిచేదే ఆ ఉద్యోగం మీద. నెలకు 21 వేల రూపాయల లోపు జీతంతో ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మకు ఈఎస్‌ఐ ఆరోగ్య బీమా ఉంటే, ఆమె మీద ఆధారపడిన బిడ్డకూ వైద్యం అందుతుంది. వైకల్యం వల్ల పూర్తిగా ఆమె సంపాదన మీదే బతికే బిడ్డకైతే వయసు పరిమితి కూడా లేదు. బిడ్డకు ఫిట్స్ కూడా ఉంటే, ఆ సిరప్‌ను పొద్దునా రాత్రీ గీత చూసి కొలిచి పోస్తారు. ఒక్క పూట తప్పినా ఫిట్స్ తిరగబెట్టవచ్చు. ఇంట్లో ఉన్నది అమ్మ ఈఎస్‌ఐ కార్డొక్కటే అయితే, పని మానిన కొన్నాళ్లకు ఆ సీసా కూడా చేతి డబ్బుతోనే కొనాలి.

అపోహ: వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డకు ముద్ర పడిపోతుంది.

వాస్తవం: ఆ కాగితం లేకపోతే తల్లిదండ్రులే నష్టపోతారు. పాత ఆదాయపు పన్ను విధానంలో బిడ్డకు కనీసం 40 శాతం వైకల్యముంటే 75 వేలు, 80 శాతం లేదా ఆపైన ఉంటే లక్షా 25 వేల రూపాయలు పన్ను వేసే ఆదాయంలోంచి మినహాయిస్తారు. ఖర్చెంతైనా ఇదే మొత్తం.

అపోహ: సర్కారు కొలువైతే సెలవుకు కొదవలేదు.

వాస్తవం: కేంద్ర ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా రోజులకు 80 శాతం. మామూలుగా బిడ్డకు 18 ఏళ్లు వచ్చేవరకే. కనీసం 40 శాతం వైకల్యముంటే ఆ హద్దు లేదు. అయితే ముందుగా మంజూరు కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరు. హిమాచల్ ప్రదేశ్‌లో అరుదైన జన్యువ్యాధి ఉన్న కొడుకును చూసుకుంటున్న ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు ఈ సెలవు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈ సెలవు లేకపోతే తల్లులు ఉద్యోగాలే వదులుకోవాల్సి వస్తుందని 2024లో కోర్టు అన్నది. ప్రైవేటులో ఇలాంటి సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టమే లేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అపోహ: ఇదంతా అమ్మ పని.

వాస్తవం: ఆ 730 రోజులు మగవాళ్లలో ఒంటరి తండ్రికే దక్కుతాయి. భార్య ఉన్న తండ్రికి నిబంధనే తలుపు మూసింది, దాన్ని మార్చాలి. బదిలీల విషయం అలా కాదు. వైకల్యమున్న బిడ్డను ప్రధానంగా చూసుకునే కేంద్ర ఉద్యోగికి, పాలనాపరమైన ఇబ్బంది లేనంతవరకు, మామూలు బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తు నాన్న కూడా పెట్టుకోవచ్చు.