షరఫియా ఫోన్, ఊళ్లో సిగ్నల్: మధ్యలో 73 రోజులు

2022 అక్టోబర్ 1న హైదరాబాద్‌లో ఎయిర్‌టెల్ 5జీ మొదలైంది. ఐఫోన్ 12, 13, 14 ఉన్నవాళ్ల చేతిలో అప్పటికే 5జీ ఫోన్ ఉన్నట్టే. అయినా తెర మీద 4జీ అనే కనిపించింది. డిసెంబర్ 13న ఆపిల్ ఐఓఎస్ 16.2 విడుదల చేశాకే ఆ ఫోన్లకి మన దేశపు 5జీ అందింది. అక్టోబర్ 1 నుంచి లెక్కేస్తే 73 రోజులు. టవర్ మీద సిగ్నల్ ఉంది, ఫోన్‌లో దాన్ని అందుకునే చిప్ ఉంది, రెండూ కలవలేదు.

సౌదీలోని జెద్దా నుంచి సెలవు మీద వచ్చినవాళ్లకి ఇది మరీ విడ్డూరం. అక్కడి షరఫియా పేటలో 5జీ చూపించిన ఫోనే శంషాబాద్‌లో దిగి ఊరి సిమ్ము వేయగానే 4జీకి పడిపోయేది. ఫోన్ పాడైందా, మోసపోయామా అని ఎవరికైనా అనుమానం రావడం సహజం. రెండూ కాదు.

షరఫియా జెద్దాలో మలయాళీల అడ్డా. కార్గో ఆఫీసులు, డబ్బు పంపే కౌంటర్లు, ఇండియా హోటళ్లు, క్లినిక్కులు అన్నీ అక్కడే. శుక్రవారం వచ్చిందంటే మన నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల వాళ్లూ ఆ వీధుల్లో కనబడతారు. 2022 జనాభా లెక్కల ప్రకారం సౌదీలో 3.22 కోట్ల మంది ఉంటే అందులో 1.34 కోట్లు విదేశీయులు. వాళ్లలో భారతీయులు దాదాపు 18.8 లక్షలు. ఇంటికి కొనుక్కెళ్లే సామానులో బంగారం తర్వాత ఎక్కువ ఆలోచించి కొనేది సెల్‌ఫోనే. కాబట్టి కొత్త నెట్‌వర్క్ మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో చూడాలంటే షరఫియా నుంచి మొదలుపెట్టడం సబబు.

సౌదీలో 5జీ మనకంటే మూడేళ్లు ముందు వచ్చింది. అక్కడి కంపెనీలు మూడు: ఎస్‌టీసీ, మొబైలీ, జైన్. 2019 అక్టోబర్‌లో జైన్ సుమారు 2,000 టవర్లతో 20 నగరాల్లో 5జీ ఆరంభించింది. అప్పటికి ఆపిల్ దగ్గర 5జీ ఫోన్ లేనే లేదు. ఐఫోన్ 12ని 2020 అక్టోబర్ 13న గానీ ప్రకటించలేదు. శాంసంగ్ 2019 ఏప్రిల్‌లో కొరియాలో గెలాక్సీ ఎస్10 5జీని తెచ్చినా దాని ధర గదికి ఆరుగురు సర్దుకుని ఉండే వాళ్లకి అందేది కాదు.

నెట్‌వర్క్ ముందు వచ్చి ఫోన్ వెనకబడితే కంపెనీలు ఊరుకోలేదు, రౌటర్లు అమ్మాయి. ఇంటి గోడకి కేబుల్ లేకుండా టవర్ నుంచి నేరుగా 5జీ అందుకుని వైఫైగా పంచే డబ్బా అది. గదిలో నలుగురైదుగురు కలిసి నెలకింత అని వేసుకుంటే చాలు, అందరి 4జీ ఫోన్లకీ 5జీ వేగమే. ఇది నాకు చాలా ముఖ్యంగా తోచిన సంగతి. కొత్త నెట్‌వర్క్‌ని సామాన్యుడి దాకా మొదట తెచ్చింది ఖరీదైన ఫోన్ కాదు, వంతుల మీద కొన్న రౌటర్. 2020లో ఓపెన్‌సిగ్నల్ సంస్థ 12 దేశాల 5జీ వేగాన్ని కొలిస్తే సౌదీ సగటు సెకనుకు 414.2 మెగాబిట్లు, దక్షిణ కొరియాది 312.7. సౌదీ 5జీ సగటు అక్కడి 4జీ కంటే పద్నాలుగు రెట్ల పైమాట. విశాలమైన స్పెక్ట్రమ్, దాన్ని వాడే ఫోన్లు ఇంకా కొద్దిగానే ఉండటం, ఈ రెండూ కలిస్తే వచ్చిన అంకె అది.

ఇక మన వైపు. 2022 జులై 26న మొదలైన 5జీ వేలం ఏడు రోజులు, 40 రౌండ్లు నడిచింది. 72,098 మెగాహెర్ట్జ్ అమ్మకానికి పెడితే 51,236 అమ్ముడైంది. కేంద్రానికి వచ్చిన పాట మొత్తం రూ.1,50,173 కోట్లు. అందులో జియో ఒక్కటే రూ.88,078 కోట్లు పాడింది, ఎయిర్‌టెల్ రూ.43,084 కోట్లు. ఇంత సొమ్ముకి పాడిన కంపెనీలకి సేవ మొదలైన తొలి వారంలోనే ఎదురైన సమస్య ఫోన్లలో ఉంది. ఆపిల్ ఫోన్లే కాదు, శాంసంగ్‌లోనూ చాలా మోడళ్లు 5జీ చిప్ ఉండి కూడా మన సిగ్నల్‌ని పట్టలేదు. అక్టోబర్ 12న టెలికం శాఖ, ఐటీ శాఖ అధికారులు ఫోన్ తయారీదార్లనీ టెలికం కంపెనీలనీ ఒకచోట కూర్చోబెట్టి సాఫ్ట్‌వేర్ త్వరగా పంపమని అడగాల్సి వచ్చింది. శాంసంగ్ నవంబర్ మధ్య కల్లా అన్నది. ఆపిల్ డిసెంబర్ అన్నది.

తయారీదారు సాఫ్ట్‌వేర్ పంపేదాకా ఎందుకు ఆగాలి? ఫోన్ కంపెనీలు 5జీని ప్రతి దేశంలో, ప్రతి ఆపరేటర్ టవర్ మీదా పరీక్షించుకుంటాయి. కాల్ తెగుతోందా, బ్యాటరీ ఎంత తాగుతోంది, 5జీ అందనిచోట 4జీకి సాఫీగా దిగుతోందా అని చూసుకుంటాయి. ఆ పరీక్ష అయ్యేదాకా ఆ ఆపరేటర్ సిమ్ముకి 5జీని సాఫ్ట్‌వేర్‌లోనే మూసి ఉంచుతాయి. జెద్దా ఫోన్‌కి సౌదీ ఆపరేటర్ల విషయంలో ఆ తలుపు ఎప్పుడో తెరిచారు. జియో, ఎయిర్‌టెల్ సిమ్ములకి ఇంకా తెరవలేదు. జాగ్రత్త పడటం సరే, కానీ వేలం తేదీలు, ఆరంభం ఎప్పుడన్నది నెలల ముందే తెలిసిన వ్యవహారంలో, అంత ఖరీదు పెట్టి కొన్నవాళ్లని డిసెంబర్ దాకా నిలబెట్టడం నాకు సమంజసంగా అనిపించదు.

దీనికి ఇంకో చిక్కు తోడైంది. 5జీని నడపడానికి రెండు పద్ధతులు. ఎయిర్‌టెల్ ఎంచుకున్నది నాన్ స్టాండలోన్: పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేసినట్టు, 4జీ నెట్‌వర్క్‌ని ఆధారం చేసుకుని పైన 5జీ. ఖర్చు తక్కువ, త్వరగా పూర్తవుతుంది. జియో ఎంచుకున్నది స్టాండలోన్: గుండెకాయ లాంటి కోర్ నెట్‌వర్క్‌తో సహా అంతా కొత్తదే. జియో 5జీ హైదరాబాద్‌కి నవంబర్ 10న, తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరులకి డిసెంబర్ 26న వచ్చింది. ఫోన్ రెండు పద్ధతులూ తెలిసినదైతే చింత లేదు. ఒక్కటే తెలిసినదైతే అట్ట మీద 5జీ అని పెద్ద అక్షరాలు ఉన్నా సగం మందికి అది 4జీ ఫోనే.

ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు. 2024 నవంబర్‌లో షావోమీ రెడ్‌మీ ఏ4 5జీని రూ.8,499కి తెచ్చింది. అప్పటి మారకంలో 380 రియాళ్ల లోపే. నెలకి వెయ్యి రియాళ్లు తెచ్చుకునే మనిషి కూడా ఇంటికి పంపగలిగిన ధర. అందులోని స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 చిప్ ధర తగ్గడానికి స్టాండలోన్ పద్ధతి ఒక్కదానికే పరిమితమైంది. అంటే జియో మీద 5జీ వస్తుంది. అప్పట్లో నాన్ స్టాండలోన్ నడిపిన ఎయిర్‌టెల్ మీద రాలేదు. ఊళ్లో అమ్మానాన్నల సిమ్ము ఏదో అడక్కుండా ఈ ఫోన్ కొనిస్తే అంతే సంగతులు. ధర తగ్గించడం గొప్ప పనే, ఆ మేరకు ఏం తగ్గించారో అట్ట మీద తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఖర్చేమీ కాదు.

ధర ఇంతగా దిగడం వెనక మన నేల కథా ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ తన తొలి భారత్ తయారీ ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని చేయించి, 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేసింది. 4జీ ఫోన్, రూ.6,999. తొమ్మిదేళ్ల తర్వాత అదే కంపెనీ 5జీ ఫోన్ దానికంటే రూ.1,500 మాత్రమే ఎక్కువ. ఈ తొమ్మిదేళ్లలో రూపాయి విలువ ఎంత పడిందో తలుచుకుంటే నిజానికి ధర తగ్గిందనే చెప్పాలి.

అందుకే గల్ఫ్ నుంచి ఫోన్ తేవడం లాభమన్న పాత లెక్క ఇప్పుడు తిరగరాసుకోవాలి. సౌదీలో 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ మొదలైంది, 2020 జులై 1 నుంచి అది 15 శాతం. వెయ్యి రియాళ్ల ఫోన్ మీద పన్ను 50 నుంచి 150 రియాళ్లకి పెరిగినట్టు. మన దగ్గరా అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోన్ల జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది. అంటే రెండు చోట్లా పన్నుల తేడా మూడు శాతమే. 2024 జులై బడ్జెట్లో ఫోన్ల దిగుమతి సుంకం 20 నుంచి 15 శాతానికి తగ్గాక ఖరీదైన ఫోన్లలో కూడా అంతరం ఇంకొంచెం కుదించుకుపోయింది. చవక ఫోన్ల విషయంలో అయితే జెద్దా నుంచి మోసుకురావడానికి నాకు కారణం కనిపించదు. ఊళ్లో కొంటే వారంటీ కూడా ఊళ్లోనే ఉంటుంది.

కొనేటప్పుడు సలహా చెప్పే మనిషి సంగతి కూడా చూడాలి. 2016 మార్చిలో సౌదీ కార్మిక శాఖ సెల్‌ఫోన్ల అమ్మకం, రిపేరు పూర్తిగా స్వదేశీయులకే అని ప్రకటించింది. జూన్ 6 నాటికి షాపుల్లో సగం మంది, సెప్టెంబర్ 2 నాటికి అందరూ సౌదీలే ఉండాలి. తమ యువతకి ఉపాధి కావాలని ఒక దేశం అనుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ ఆరు నెలల్లో బతుకుదెరువు పోయినవాళ్లు ఎంతో మంది భారతీయులు. రిపేరు టేబుల్ మీద పదేళ్లు వంగి కూర్చుని నేర్చుకున్న పనికి ఆ దేశంలో విలువ లేకుండా పోయింది. కొనేవాళ్లకీ నష్టమే. ఊరు ఏది, అక్కడ ఏ సిమ్ము వాడతారు అని మన భాషలోనో హిందీలోనో అడిగి ఫోన్ ఇచ్చే మనిషి కౌంటర్ వెనక లేకుండా పోయాడు. సరిగ్గా ఫోన్లలో సిగ్నల్ పట్టీలు (బ్యాండ్లు), పద్ధతులు పెరిగి సలహా అవసరమైన కాలంలోనే ఇది జరిగింది.

ఆ మనిషి చూసి చెప్పగలిగిన మొదటి సంగతి పట్టీలు. సౌదీ 5జీ ప్రధానంగా 2.6, 3.5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, ఫోన్ వివరాల్లో వాటిని ఎన్41, ఎన్78 అంటారు. మన దేశంలో అందరూ వాడేది ఎన్78. దానితోపాటు జియో 700 మెగాహెర్ట్జ్ పట్టీ కూడా కొన్నది, అది ఎన్28. తక్కువ పౌనఃపున్యం కాబట్టి గోడలు దాటి దూరం వెళ్తుంది, ఊరి చివర ఇంటికి పనికొచ్చేది అదే. ఎన్78 ఉంటే పట్నంలో, ఎన్28 కూడా ఉంటే జియో ఉన్న పల్లెలో ధైర్యంగా వాడుకోవచ్చు. ఐఫోన్లలో దేశాన్ని బట్టి మోడల్ నంబరు మారుతుంది. ఐఫోన్ 13లో సౌదీది ఏ2631, మనది ఏ2633. ఈ రెండింటిలోనూ మన పట్టీలున్నాయి కాబట్టి ఇబ్బంది రాలేదు, కానీ అన్ని కంపెనీల ఫోన్లకీ అదే భరోసా ఉందనుకోకూడదు.

ఫోన్ కుదిరినా ప్రతి నెలా ఖర్చు ఉంటుంది. మొదట్లో జియో, ఎయిర్‌టెల్ 5జీని పరిమితి లేకుండా ఇచ్చాయి. 2024 జులై 3 నుంచి ఛార్జీలు పెంచి, రోజుకి 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే ఆ సౌకర్యం అన్నాయి. జియోలో 28 రోజుల 2 జీబీ ప్లాన్ రూ.299 నుంచి రూ.349కి చేరింది. ఏడాదికి 13 రీఛార్జ్‌లు, రూ.4,537. పైన చెప్పిన 8,499 రూపాయల ఫోన్ ధరలో సగం దాటిపోయింది. ఆ ఇంట్లో రెండు ఫోన్లుంటే ఏడాది తిరిగేసరికి రీఛార్జ్‌లే ఒక కొత్త ఫోన్ ధర. ఎరిక్సన్ అంచనా ప్రకారం 2024 చివరికి మన దేశంలో 5జీ కనెక్షన్లు సుమారు 29 కోట్లు, మొత్తం మొబైల్ కనెక్షన్లలో 24 శాతం. మిగతా మూడొంతుల మంది ఎందుకు రాలేదంటే టవర్లు లేక అనుకోవడం పొరపాటు. అప్పటికి దాదాపు అన్ని జిల్లాల్లో 5జీ ఉంది. రానిది ఫోన్, కాకపోతే రీఛార్జ్.

2025 సెప్టెంబర్ నుంచి షరఫియాలో ఫోన్ కొనేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. సౌదీలో అమ్మే ఐఫోన్ 17కి సిమ్ము పెట్టే గూడే లేదు, ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ మాత్రమే. మన దేశంలో అమ్మే అదే ఫోన్‌కి గూడు ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి బ్యాంకు ఓటీపీ కోసం ఊరి సిమ్ము ప్రాణం లాంటిది. సౌదీ నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనుమతిచ్చిన పది దేశాల్లో సౌదీ ఉంది కానీ, అది ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకే. మామూలు పొదుపు ఖాతాకి ఊరి నంబరే దిక్కు. కొత్త ఐఫోన్‌లో ఆ నంబరు పనిచేయాలంటే దాన్ని ఈ-సిమ్‌గా మార్పించాలి. మార్చిన క్షణం నుంచి పాత సిమ్ము పనిచేయదు. ఫోన్ పగిలితే సిమ్ము తీసి పక్కవాడి సెల్లులో వేసుకుందామన్నా కుదరదు. మార్చే పనిలో ఆపరేటర్ నుంచి మెసేజ్‌లు ఊరి నంబరుకే వస్తాయి, ఈమెయిల్ అడుగుతారు. ఇవన్నీ జెద్దాలో రోమింగ్ మీద కూర్చుని చేసుకోవడం కంటే సెలవుకి వచ్చినప్పుడు ఊళ్లో, పాత ఫోన్ పక్కన పెట్టుకుని, బ్యాంకు నుంచి ఒక ఓటీపీ తెప్పించుకుని చూసుకున్నాకే తిరుగు విమానం ఎక్కడం మేలు.